ఏ బండి కొనమంటారు, అయ్యగారూ?

సంఘకాపరిని అడిగే ప్రశ్నలకు హద్దంటూ ఉండదు. పిల్లకు సంబంధము వచ్చింది, ముందుకు వెళ్ళమంటారా అని అడుగుతారు. బోరు ఏ మూల వేయమంటారని అడుగుతారు. 2024 ఫిబ్రవరిలో మా సంఘ సహోదరుడొకరు, కాశీబుగ్గలో జీడి ఫ్యాక్టరీ నడుపుకొనేవాడు, టెక్కలిలోని మా ఇంటికి వచ్చి, మూడు కార్ల రంగురంగుల పుస్తకాలు బల్లమీద పరిచాడు. "ఏ బండి కొనమంటారు, అయ్యగారూ?" అన్నాడు. మాకున్నది పాత మోటారు సైకిలు ఒక్కటే. ఆ సంగతి అతనికీ తెలుసు.

ఆ మూడూ బి.ఎం.డబ్ల్యు. ఎక్స్1, ఆడి క్యూ3, మెర్సిడెస్ బెంజ్ జి.ఎల్.ఏ. లోపలి హంగులు పెద్ద పెద్ద కార్లవి, ఒడ్డూ పొడవూ మాత్రము చిన్నవి. మూడింటిలో ఏదీ నాలుగున్నర మీటర్లు దాటదు. పలాస బజారులో జీడి బస్తాల లారీల మధ్య నుండి తప్పించుకొని పోవచ్చును. ధర మాత్రము అయిదెకరాల తోట ముచ్చట. క్యూ3 2022 ఆగస్టులో వచ్చినప్పుడు 44.89 లక్షలు. ఎక్స్1 2023 జనవరిలో 45.90 లక్షలు, డీజిలుది 47.90. జి.ఎల్.ఏ. 2024 జనవరిలో కొత్త ముఖముతో వచ్చినప్పుడు 50.50 లక్షల నుండి మొదలు. వీటి మీద జీవిత పన్ను, బీమా కలిపితే పది లక్షల దాపు ఇంకా పడుతుంది.

ఇలాంటి సంగతి ఆత్మీయ పత్రికలో ఎందుకని కొందరు పాఠకులు అనుకోవచ్చును. అపొస్తలుల కార్యములలో ఐతియొపీయుడైన ఆ పెద్ద ఉద్యోగి రథములో కూర్చొనే లేఖనము చదువుకొన్నాడు. ఫిలిప్పు ఆ రథము ఖరీదు అడిగినట్టు ఎక్కడా లేదు, ఎక్కి కూర్చోమంటే ఎక్కాడు. ధనము కష్టపడి సంపాదించినవాడు మంచి బండి కొనుక్కొంటే అది పాపమని మేము ప్రసంగ వేదిక మీద ఎన్నడూ చెప్పలేదు. అయితే ఈ సహోదరుడు బండి కొనేది తన కోసమేనని అనలేదు. "అమ్మ కోసమండి" అన్నాడు. అందుచేతనే ఆ పుస్తకాలు మేము శ్రద్ధగా చూడవలసి వచ్చింది.

అమ్మగారు వజ్రపుకొత్తూరు మండలములో సముద్రపు ఒడ్డు ఊరిలో ఉంటారు. 2018 అక్టోబరు 11న వచ్చిన తిత్లీ తుపాను ఆమె కొబ్బరి తోటను పడగొట్టింది. తిరిగి నాటిన మొక్కలు విడిచి కాశీబుగ్గ మేడలోకి రానంటే రానన్నారు. ఉద్దానములో ఎందరికో వచ్చిన జబ్బే ఆమెకూ వచ్చింది. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, ఏ మండలానికి ప్రార్థనకు వెళ్ళినా మూత్రపిండాల జబ్బు మనిషి లేని వీధి మాకు కనబడలేదు. ఎందరో డాక్టర్లు వచ్చి నీరు, నేల, రక్తము పరీక్షించారు గాని కారణమిదని ఇంకా తేలలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రము, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలము నుండి ఉద్దానానికి మంచినీరు తెచ్చే పథకము కూడా ఆ రోజే ప్రారంభమైంది. అంతకుముందు డయాలిసిస్ కోసము శ్రీకాకుళమో, విశాఖపట్నమో తిరిగినవారి కష్టము చూసినవారికి ఇది ఎంత మేలో తెలుసు.

అయినా ఊరి నుండి ఆసుపత్రికి దారి మిగిలే ఉంది కదా. వారానికి మూడు సార్లు, సారికి నాలుగు గంటలు సూదులతో మంచము మీద. వెళ్ళేటప్పుడు ఒంట్లో నీరు చేరి ఆయాసము. వచ్చేటప్పుడు రక్తపోటు పడిపోయి కళ్ళు తిరగడము, పిక్కలు పట్టేయడము. ఆటోలో ఆరుగురి మధ్య ఇరుక్కొని ఆ స్థితిలో ఇరవై కిలోమీటర్లు రావాలి. 2019 నుండి డయాలిసిస్ రోగులకు ప్రభుత్వము నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తూ వచ్చింది. అందులో ఆటోవాడి వాటా ఎంతో ఇంట్లో ఆడవారిని అడిగితే చెబుతారు. మన అమ్మగారికి డబ్బు లోటు లేదు, ఓపికే లేదు. జనవరిలో "ఈ పూట వద్దులే" అని వరసగా రెండు సార్లు మానేశారు. మూడవ నాటి రాత్రి ఊపిరి అందక ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. డయాలిసిస్ మానడమంటే భోజనము మానడము వంటిది కాదు. ఆ రాత్రి మేము ఆమె మంచము ప్రక్కన ఉన్నాము గనుక, కొడుకు కారు పుస్తకాలు తెచ్చినప్పుడు నవ్వి ఊరుకోలేకపోయాము.

మూడు బండ్లనూ ముందు కాగితము మీద తూచి చూశాము. ఎక్స్1లో మాకు నచ్చింది డీజిలు ఇంజను, 150 గుర్రాల బలము. రోజూ తిరిగే బండికి ఖర్చు తక్కువ, సామాను చోటూ బాగుంది. మన దేశములో అమ్మేదానికి ముందు చక్రాలకే బలము అందుతుంది. క్యూ3కి 190 గుర్రాల పెట్రోలు ఇంజను, డీజిలు లేదు, తాగుడు ఎక్కువ. కాని నాలుగు చక్రాలూ తిరిగి లాగుతాయి. అమ్మగారి ఇంటి ముందు అర కిలోమీటరు ఇసుక బాట ఉంది గనుక ఇది చిన్న సంగతి కాదు. పైగా క్యూ3 వెనుక సీటు ముందుకూ వెనక్కూ జరుగుతుంది, వీపు కాస్త వాల్చుకోవచ్చు. జి.ఎల్.ఏ. డీజిలు రకానికి బలమూ ఉంది, నాలుగు చక్రాల లాగుడూ ఉంది. వెనుక సామాను చోటు మిగతా రెండింటికన్నా చిన్నది, ధర అన్నిటికన్నా పెద్దది. దాని ముందున్న నక్షత్రానికి కూడా మనము సొమ్ము చెల్లిస్తున్నాము. ఆ మాట అంటే సహోదరుడు నవ్వాడు. కాశీబుగ్గ వర్తకులలో ఫార్చ్యూనరు చాలామందికి ఉందట, నక్షత్రము ఎవరికీ లేదట. మనసులో మాట దాచుకోలేదు, అందుకు అతనిని మెచ్చుకోవాలి.

పుస్తకాలు చూసి తేల్చే పని కాదని, డయాలిసిస్ లేని రోజు చూసి అమ్మగారిని తీసుకొని విశాఖపట్నము వెళ్ళాము. పలాస నుండి జాతీయ రహదారి మీద నూట ఎనభై కిలోమీటర్ల దాపు. మమ్మల్ని టెక్కలిలో ఎక్కించుకొన్నారు. ఆ దూరము మాకు వెళ్ళేటప్పుడే ఒక సంగతి చెప్పింది. ఇలాంటి బండికి ఏ చిన్న మరమ్మతు వచ్చినా ఇంత దూరము రావలసిందే. బండి రెండు రోజులు షెడ్డులో ఉంటే యజమాని ఇంకో బండిలో వెళతాడు. సోమ, బుధ, శుక్రవారాలు మాత్రము ఆగవు.

ఆ రోజు మేము నేర్చుకొన్నది ఏ పుస్తకములోనూ లేదు. అమ్మగారి ఎడమ చేతికి ఫిస్టులా ఉంది. రక్తము తీసి ఎక్కించడానికి నరము కలిపి చేసిన ఆ చోటు నొక్కుకోకూడదు, ఆ చేతితో బరువు లాగకూడదు, బి.పి. కూడా ఆ చేతికి చూడరు. కారు వెనుక ఎడమ తలుపు తీసి ఆమెను ఎక్కమంటే, పట్టుకోవలసిన పిడి ఎడమ చేతివైపే వచ్చింది. కుడి తలుపు నుండి ఎక్కితే కుడి చేతితో పట్టుకోవచ్చు. రోడ్డు మీద అయితే అది బండ్లు వచ్చే వైపు, ఆసుపత్రి ఆవరణలో పరవాలేదు. షోరూము కుర్రవాడు పైకప్పు అద్దము తెరిచి చూపిస్తూ ఉంటే మేము తలుపు ఎంత విశాలముగా తెరుచుకొంటుందో చూస్తున్నాము. పాపము, అతనికి మా సంగతి అర్థము కాలేదు.

సీటు ఎత్తు మూడింటిలోనూ బాగుంది. మామూలు కారులో లాగ గోతిలో దిగినట్టు ఉండదు, జీపులో లాగ ఎగబ్రాకనూ అక్కరలేదు. నడుము నొప్పివారికి ఇలాంటి బండ్లు సుఖము, అది ఒప్పుకోవాలి. సన్నని టైర్ల మీద గతుకులు కొంచెము తెలుస్తాయి, ఎత్తైన స్పీడు బ్రేకరు దగ్గర డ్రైవరు నెమ్మది చేయాలి. క్యూ3 వెనుక సీటు వాల్చి కూర్చోబెడితే అమ్మగారు కళ్ళు మూసుకొన్నారు. మాకు ఆ క్షణములో తీర్పు అయిపోయిందనిపించింది. కొడుకు అప్పటికే రంగు ఎంచుకొంటున్నాడు.

ఆమె కళ్ళు తెరిచి, "బాబూ, ఇందల ఎంతమంది పడతారేటి?" అన్నారు.

"అయిదుగురమ్మా. డ్రైవరు కాక నలుగురు."

"మా ఈదిల ఇంకిద్దరున్నారు. ఒకే పూట మాకు. ఆలు ఆటోలొస్తే, నానిందల ఎల్లనేటి?"

కొడుకు, వారిని కూడా ఎక్కించుకొందామన్నాడు. ఎక్కించి చూద్దామని మేమూ, అతనూ అమ్మగారికి అటూ ఇటూ కూర్చొన్నాము. నడుమ కూర్చొన్న అమ్మగారి ఎడమ చెయ్యి మా భుజానికి ఒరుసుకొంది. మిగతా రెండు బండ్లలోనూ అంతే. ఈ బండ్లు నలుగురికి సుఖము, అయిదవవారికి సర్దుబాటు. సర్దుబాటు పడకూడని చేతులున్నవారు ముగ్గురు, తోడుగా వెళ్ళేవారు ఒకరు. ఏభై లక్షల బండిలో చోటు చాలలేదు.

తిరుగు దారిలో కారులో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. శ్రీకాకుళము దాటాక అతనే అన్నాడు, "ముగ్గురినీ తీసుకెళ్ళే పూచీ నాకెందుకండీ? ఊరందరికీ జబ్బే. ఒకరిని ఎక్కించుకొంటే పదిమంది అడుగుతారు." ఇది కొట్టిపారేయదగిన మాట కాదు. ఉద్దానములో ఎంత పెద్ద బండైనా చాలదు. సమరయుడు ఆ దారిలో పడి ఉన్న ఒక్కనిని తన పశువు మీద ఎక్కించాడు, యెరికో దారిలో దొంగలు కొట్టినవారందరినీ కాదు. మేము అంతే చెప్పాము. మీ అమ్మగారు పదిమందిని అడగలేదు, ఇద్దరినే అడిగారు అన్నాము. అతను బదులు చెప్పలేదు. టెక్కలిలో మేము దిగేటప్పుడు, "ఇన్నోవా హైక్రాసు ఎలాగుంటుందండీ?" అని అడిగాడు.

ఆ బండి నాలుగు మీటర్ల డెబ్బై అయిదు సెంటీమీటర్ల పొడవు. ఇరుకు సందులలో ఇబ్బందే. ఇసుకలో నాలుగు చక్రాల లాగుడు దీనికీ లేదు. చూడడానికి పెళ్ళివారి బండిలా ఉంటుంది, బజారులో ఎవరూ ఆగి చూడరు. పెట్రోలుతో బాటు బ్యాటరీ మోటారు ఉన్న రకము గనుక తాగుడు తక్కువ. 2022 డిసెంబరులో ధరలు చెప్పినప్పుడు ఆ జాతిలో వి.ఎక్స్. అనేది 24.01 లక్షల నుండి మొదలైంది. అంటే జి.ఎల్.ఏ. సొమ్ములో సగము. ఏడు సీట్ల దానిలో నడిమి వరుసకు విడివిడిగా రెండు కుర్చీలు, రెండూ వెనక్కు వాలుతాయి, మధ్య చెయ్యి వ్రేలాడేంత ఖాళీ. పాత ఇన్నోవా విప్పి బిగించిన మేస్త్రీలు మన రోడ్డు పొడవునా ఉన్నారు. ఈ బ్యాటరీ సంగతి వేరనుకోండి. మా అభిప్రాయము అడిగినవారికి ఇప్పటికీ ఇదే చెబుతాము: ఇంట్లో ఇద్దరో ముగ్గురో ఉండి, రోడ్డు మీద ఎక్కువ తిరిగేవారయితే ఎక్స్1 డీజిలు తీసుకోండి. ఇసుక, బురద దారులుండి పెట్రోలు ఖర్చుకు భయపడనివారికి క్యూ3. నక్షత్రము కావాలనుకొనేవారికి మా సలహా అక్కరలేదు. 2025 సెప్టెంబరు 22 నుండి పెద్ద కార్ల మీద జి.ఎస్.టి. సెస్సు తీసివేసి 40 శాతము పన్ను ఒక్కటే ఉంచారు గనుక పై ధరలన్నీ అప్పటివేనని గుర్తుంచుకోండి, షోరూములో అడిగి తెలుసుకోండి.

అతను హైక్రాసే కొన్నాడు. బండి వచ్చిన నాడు ప్రార్థన చేయడానికి వెళ్ళాము. ఇసుక బాట దగ్గర చక్రాలు కూరుకుపోకుండా అమ్మగారు ముందే కొబ్బరి మట్టలు పరిపించారు. తమ్ముడు మాత్రము మొహము ముడుచుకొని నిలబడ్డాడు, వాడికి నక్షత్రము మీద ఆశ ఇంకా పోలేదు.

సీట్ల ఏర్పాటు అమ్మగారిదే. ఎడమ చేతికి ఫిస్టులా ఉన్న తాను కుడి కుర్చీలో, కుడి చేతికి ఉన్న ఆమె ఎడమ కుర్చీలో, మూడవ ఆమె ముందు డ్రైవరు ప్రక్కన సీటు వాల్చుకొని. తోడు మనిషి చివరి వరుసలో, ఒక ప్లాస్టిక్ బకెట్టు, దుప్పటి పట్టుకొని. తెల్లవారుజామున అయిదింటికి బయలుదేరుతారు. ఆ తరువాత అమ్మగారు ఒక్క పూట కూడా మానలేదు. 2025లో ముందు సీటు ఆమెకు ఆసుపత్రి పూట మారింది. ఆ సీటులో ఇప్పుడు అదే వీధి కుర్రవాడు కూర్చొంటున్నాడు, ముప్పై ఏళ్ళు ఇంకా నిండలేదు. మొదటి రోజు వెనక్కు వాల్చుకోవడానికి సిగ్గుపడి నిటారుగా కూర్చొన్నాడట. వచ్చేటప్పుడు డ్రైవరే బండి ప్రక్కకు ఆపి సీటు వాల్చాడట.