హాజీపూర్ పాడుబావులు

హాజీపూర్ యాదాద్రి భువనగిరి జిల్లా బొమ్మలరామారం మండలంలోని చిన్న పల్లె. హైదరాబాద్ శివార్లలోని కీసర మీదుగా అక్కడికి చేరుకోవచ్చు. గోదావరి డెల్టాలోని రామచంద్రపురం లాంటి కాలువ కింది ఊళ్ళ నుంచి వెళ్ళినవారికి ముందు కంటపడే తేడా నీటిదే. అది మెట్ట ప్రాంతం. ఒకప్పుడు సేద్యం బావుల మీద సాగేది. బోర్లు వచ్చాక చాలా బావులు పాడుబడ్డాయి. మర్రి శ్రీనివాస్‌రెడ్డి ముగ్గురు ఆడపిల్లల్ని చంపి పడేసింది అలాంటి బావుల్లోనే.

అతను ఆ ఊరివాడే, లిఫ్టు మెకానిక్. అప్పట్లో ఊరికి సరైన బస్సు లేక పిల్లలు నడిచి రావాల్సి వచ్చేది, లేదంటే అటు వచ్చే బండి ఎక్కాల్సి వచ్చేది. ఒంటరిగా కనిపించిన అమ్మాయిని ఇంటి దగ్గర దింపుతానని బైకు ఎక్కించుకుని బావి వైపు తీసుకెళ్ళేవాడని దర్యాప్తులో తేలింది.

2019 ఏప్రిల్ 25న బడికి వెళ్ళిన 14 ఏళ్ళ బాలిక ఇంటికి రాలేదు. మర్నాడు మృతదేహం బావిలో దొరికింది. శ్రీనివాస్‌రెడ్డిని పట్టుకున్నాక, మార్చిలో కనిపించకుండా పోయిన కాలేజీ విద్యార్థిని అవశేషాలు అదే బావిలో బయటపడ్డాయి. ఆ తర్వాత 2015లో అదృశ్యమైన పక్క ఊరి 11 ఏళ్ళ పాప ఎముకలు మరో బావిలో దొరికాయి. ఆగ్రహించిన గ్రామస్థులు అతని ఇంటికి నిప్పుపెట్టారు.

విచారణ నల్లగొండలో, పిల్లలపై లైంగిక నేరాలను విచారించే పోక్సో కోర్టులో జరిగింది. 2020 ఫిబ్రవరి 6న తీర్పు వచ్చింది: మూడు కేసుల్లోనూ దోషి, రెండింటిలో ఉరి, ఒకదానిలో యావజ్జీవం. సెషన్స్ కోర్టు వేసిన ఉరిశిక్ష హైకోర్టు ఖరారు చేస్తే తప్ప అమలు కాదు. 2019లోనే వరంగల్‌లో తొమ్మిది నెలల పసిపాపను చంపిన పోలెపాక ప్రవీణ్‌కు కింది కోర్టు ఉరి వేస్తే, హైకోర్టు దాన్ని చివరి శ్వాస దాకా జైలుగా మార్చింది.

అరెస్టు నుంచి తీర్పుకు పట్టింది పది నెలల లోపే. మొదటి పాప ఏమైందో తెలియడానికి మాత్రం నాలుగేళ్ళు పట్టింది. తప్పిపోయిన పిల్లల ఫిర్యాదు వస్తే అపహరణగానే భావించి ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలని సుప్రీంకోర్టు 2013లోనే ఆదేశించింది. 2015లోనే ఆ పాప ఆచూకీ తేలి ఉంటే, మిగతా ఇద్దరూ బతికి ఉండేవారేమో. శిక్ష ఎంత పెద్దదైనా ఆ ఆలస్యానికి పరిహారం కాదు.

ద్రాక్షారామం, కె.గంగవరం వైపుల నుంచి రామచంద్రపురానికి చదువుకు వచ్చే పిల్లలకూ వేళకు బస్సు కావాలి. పిల్లలు ఇంటికి రాకపోతే పెద్దలు తెల్లవారేదాకా ఆగకూడదు. వెంటనే అత్యవసర నంబరు 112కు గానీ, పిల్లల హెల్ప్‌లైన్ 1098కు గానీ ఫోన్ చేయాలి. స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్ నకలు అడిగి తీసుకోవాలి.