నదీతీరాన ఒక రోజు: ఏ ఊరు, ఎవరి కోసం?

మన ఇళ్లలో ప్రయాణం అనగానే సాధారణంగా మూడు సందర్భాలే గుర్తుకు వస్తాయి: పెళ్లి, పరామర్శ, ఆస్పత్రి. ఏ పనీ లేకుండా కుటుంబమంతా కలిసి ఒక రోజు హాయిగా గడిపి రావడం కోసమే రైలెక్కుదామంటే, కొందరు పెద్దలు దానిని కాలహరణంగా భావిస్తారు. అయితే మహనీయ ముహమ్మద్ (స) జీవితాన్ని శ్రద్ధగా చదివినవారికి అలా అనిపించదు. ఇంటికి వెళ్లి ఆలుబిడ్డల మధ్య ఉన్నప్పుడు తన మనఃస్థితి మారిపోతోందని హజ్రత్ హన్‌జలా (రజి) ఆందోళన చెందినప్పుడు, దేని సమయం దానికి ఉంటుందని దైవప్రవక్త (స) ఆయనను ఊరడించారు. ప్రయాణంలో ఉండగా విశ్వాసుల మాతృమూర్తి ఆయిషా (రజి)తో ఆయన పరుగుపందెం ఆడిన ఉదంతం కూడా హదీసు గ్రంథాలలో ఉంది. దేహానికీ, కళ్లకూ, జీవిత భాగస్వామికీ మనపై హక్కులున్నాయని బోధించిన ధర్మం మనది.

గత శీతాకాలంలో మా ఇంట ఈ విషయమే చర్చకు వచ్చింది. మా ఆపా భర్త, మేము దుల్హాభాయి అని పిలుచుకునే పెద్దమనిషి, సింగరేణిలో మూడు దశాబ్దాలకు పైగా బాయి దిగి పనిచేసి పదవీ విరమణ పొందారు. ఇక కంపెనీ క్వార్టరు ఖాళీ చేయవలసి ఉంది. కుమారునికి హైదరాబాదులో ఉద్యోగం దొరికింది, కుమార్తె అత్తవారింటికి వెళ్లవలసిన గడువు దగ్గరపడింది. ఇల్లు మారే ఆ కొద్ది రోజుల లోపల అందరూ ఒకచోట ఉండే ఆదివారం ఒక్కటే మిగిలింది. "ఇన్నేళ్లూ షిఫ్టుల లెక్కలోనే గడిచిపోయింది మౌల్వీ సాబ్! మా ఊరి పేరులోనే గోదావరి ఉంది, కానీ ఆ ఒడ్డున పట్టుమని గంటసేపు కూర్చున్నది లేదు" అన్నారు దుల్హాభాయి. రాత్రి షిఫ్టు చేసినవాడు పగలు నిద్రపోతాడు, మొదటి షిఫ్టువాడు తెల్లవారకముందే బయలుదేరుతాడు. వారపు సెలవు కాస్తా సరుకులకూ, చుట్టాలకూ సరిపోతుంది. గోదావరిఖనిలో ఇది ఒక్క ఇంటి కథ కాదు.

నాసిక్ వద్ద త్ర్యంబకంలో పుట్టి 1465 కిలోమీటర్లు ప్రవహించి సముద్రంలో కలిసే ఆ నది మన ముంగిట్లోనే ఉంది. మన రైలు మార్గమూ సామాన్యమైనది కాదు. కాజీపేట నుంచి బల్లార్షా వరకు 1929లో పూర్తయిన ఈ మార్గమే ఢిల్లీని మద్రాసుతో నేరుగా కలిపింది. ఒక నది, ఒక రైలు మార్గం, ఒక ఆదివారం చేతిలో ఉన్నాయి. ఏ ఊరు వెళ్లాలన్నదే ప్రశ్న.

సమష్టి వ్యవహారాలను సంప్రదింపులతో నడుపుకోవాలన్నది దివ్య ఖుర్ఆన్ బోధన. అందుకే మగ్రిబ్ నమాజు తర్వాత చాప పరిచి అందరినీ కూర్చోబెట్టాము, పిల్లలతో సహా.

మేనల్లుడు బల్లార్షా అన్నాడు. అక్కడ వార్ధా నది ఒడ్డున గోండు రాజుల కోట ఉంది. ఆ పక్కనే ఉన్న చంద్రపూర్‌లోనూ గోండుల కాలపు కోటగోడలు నిలిచి ఉన్నాయి. మంచిర్యాల, బెల్లంపల్లి, కాగజ్‌నగర్ దాటి మహారాష్ట్రలో ప్రవేశించే ఆ దారి అందమైనది కూడా. అయితే రామగుండం నుంచి దూరం రమారమి 140 కిలోమీటర్లు. హనఫీ ఫిఖహ్ ప్రకారం సుమారు 77 కిలోమీటర్లకు మించిన ప్రయాణంలో నాలుగు రకాతుల ఫర్జ్ నమాజును రెండుకు తగ్గించుకునే సౌలభ్యం ఉంది. "నమాజు సగమయ్యే దూరమంటే అలసట రెట్టింపయ్యే దూరమన్నమాట" అని దుల్హాభాయి నవ్వారు. ఆ మాటలో లోతు ఉంది. ప్రయాణంలో కష్టం ఉన్నది కనుకనే అల్లాహ్ ఆ రాయితీ ప్రసాదించాడు. ఎనభై యేళ్ల మా అమ్మీజాన్‌ను పొద్దున తీసుకువెళ్లి రాత్రికి తిరిగి తీసుకురావడానికి అది తగిన దూరం కాదు.

పిల్లలు కరీంనగర్ అన్నారు. గోదావరికి ఉపనది అయిన మానేరు ఒడ్డున వెలసిన పట్టణమది. దిగువ మానేరు జలాశయం, 2023లో ప్రారంభమైన తీగల వంతెన వారిని ఆకర్షించాయి. కొంచెం దూరంలో ఎలగందల కోట కూడా ఉంది. కానీ రైలులో వెళ్లాలంటే పెద్దపల్లి జంక్షనులో దిగి నిజామాబాదు వైపు వెళ్లే మరో బండి కోసం వేచి ఉండాలి. ఆ మార్గంలో బండ్లు తక్కువ. ఒక బండి తప్పితే రోజంతా ప్లాట్‌ఫారం మీదే గడిచిపోతుంది.

మా పొరుగింటివారు తమ మనవడి అక్షరాభ్యాసానికి బాసర వెళ్లివచ్చారు. గోదావరి ఒడ్డున రైల్వే స్టేషను ఉన్న ఊరే అయినా, మన వైపు నుంచి చుట్టు తిరిగి పోవాలి. రాజమహేంద్రవరంలో గోదావరి విశాలత చూడదగినదే, కానీ అది ఒక్క రోజులో తేలే ప్రయాణం కాదు.

అంతవరకు మౌనంగా ఉన్న మా ఆపా అప్పుడు నోరు విప్పింది: "మీరు ఏ ఊరన్నా చెప్పండి. నేను తెల్లవారుజామున మూడింటికి లేచి బిర్యానీ వండి, డబ్బాలు సర్ది, అక్కడ వడ్డించి, ఇంటికొచ్చి గిన్నెలు కడిగేదైతే, నాకు ఇల్లూ ఒకటే, నది ఒడ్డూ ఒకటే."

ఎవరూ మాట్లాడలేదు. అంతసేపూ దూరాలు, వంతెనలు, కోటల గురించి మాట్లాడుకున్నాము. ఆ రోజు ఎవరికి విశ్రాంతి కావాలో ఆమె ఒక్క మాటతో గుర్తు చేసింది. ప్రజలకు నమాజు చేయించే ఇమాము, తన వెనుక బలహీనులు, రోగులు, వృద్ధులు ఉంటారు గనుక దానిని తేలికపరచాలని దైవప్రవక్త (స) ఉపదేశించారు. ఆరాధనలోనే ఇంత పరిగణన ఉంటే, విహారయాత్రలో ఇంకెంత ఉండాలి! మా బృందంలో మోకాళ్ల నొప్పితో అమ్మీజాన్ ఉన్నారు. నాలుగు మెట్లెక్కితే ఆయాసపడే దుల్హాభాయి ఉన్నారు. నలభై యేళ్లుగా పొయ్యి దగ్గరి నుంచి లేవని ఆపా ఉంది. ఈ ముగ్గురికీ తగిన ఊరే మా ఊరని నిశ్చయించుకున్నాము.

అలా మంచిర్యాల ఖాయమైంది. "మంచిర్యాలా? అది రోజూ బస్సులో పోయే ఊరేగా!" అని పిల్లలు పెదవి విరిచారు. నిజమే, రోడ్డు మీదుగా ఎన్నోసార్లు వెళ్లిన ఊరే. కానీ పని మీద వెళ్లడం వేరు, తీరికగా వెళ్లడం వేరు. పైగా రైలులో పోతే రామగుండం తర్వాత పెద్దంపేట, ఆ వెంటనే గోదావరి వంతెన, వంతెన దాటగానే మంచిర్యాల. మారవలసిన బండి లేదు, రాత్రి ప్రయాణం లేదు. తిరుగుబండి తప్పినా బస్సు ఉంది.

ముగ్గురు కలిసి ప్రయాణిస్తే ఒకరిని నాయకునిగా ఎన్నుకోవాలన్న హదీసును అనుసరించి మేనల్లుణ్ణి అమీరుగా నియమించాము. తన ప్రతిపాదన వీగిపోయినవానికి బాధ్యత అప్పగిస్తే ఇంట్లో మనస్పర్థ మిగలదు. టీ ఫ్లాస్కు, మంచినీళ్లు, చాపలు మగవాళ్లమే సర్దాము. టిఫినూ, మధ్యాహ్న భోజనమూ మంచిర్యాలలోనే కొనాలని తీర్మానించాము. దైవప్రవక్త (స) ఇంట ఉన్నప్పుడు ఇంటివారి పనులలో తోడ్పడేవారని ఆయిషా (రజి) తెలిపారు. ఆ సున్నత్‌ను గురించి తరగతిలో చెప్పడం తేలిక. ఆ ఉదయం ఫ్లాస్కు కడుగుతుంటే నా విద్యార్థులు గుర్తుకు వచ్చారు.

బండి వంతెన మీదికి రాగానే అమ్మీజాన్ కిటికీ చువ్వలు పట్టుకుని చూశారు. వెడల్పైన ఇసుక తిన్నెలు, వాటి మధ్య పాయలుగా నీళ్లు. దుల్హాభాయి ఏమీ అనలేదు, కళ్లద్దాలు తుడుచుకున్నారు. స్టేషను నుంచి ఆటోలో ఒడ్డుకు చేరి, చెట్టునీడన చాపలు పరిచాము. పిల్లలు గులకరాళ్లు ఏరారు. ఆపా ఎవరూ పిలవకుండా, ఎవరికీ వడ్డించకుండా గంటన్నర సేపు నీళ్లవైపు చూస్తూ కూర్చుంది. తర్వాత చిన్ననాటి సంగతులు చెప్పడం మొదలుపెట్టింది. మా అబ్బాజాన్ గురించి నాకు తెలియని రెండు విషయాలు ఆ రోజే తెలిశాయి.

వుజూ చేసేటప్పుడు మేనకోడలు దోసిళ్లకొద్దీ నీళ్లు చిమ్ముకుంటుంటే, పారే నది ఒడ్డున కూర్చున్నా నీటిని వృథా చేయరాదన్న ఉపదేశాన్ని గుర్తు చేశాను. మంచిర్యాల కదా, జొహర్ నాలుగు రకాతులూ పూర్తిగా చేశాము. చీకటి పడకముందే ఇల్లు చేరాము. పని ముగిశాక ప్రయాణికుడు త్వరగా తన ఇంటివారిని చేరుకోవాలన్నది కూడా ప్రవక్త (స) బోధనే.

పాఠక సోదర సోదరీమణులకు అనుభవంతో కొన్ని మాటలు మనవి చేస్తాను. వర్షాకాలంలో నది ఒడ్డుకు వెళ్లకండి. ఎగువన ఎల్లంపల్లి గేట్లు ఎత్తితే నీరు వేగంగా పెరుగుతుంది. చలికాలంలోనూ ఇసుక గుంతలు లోతుగా ఉండవచ్చు గనుక పిల్లలను నీటిలోకి దిగనివ్వకండి. మీరు తిన్న ఆకులు, ప్లాస్టిక్ సంచులు మీతోనే వెనక్కి తెచ్చుకోండి. దారి నుంచి హాని కలిగించే వస్తువును తొలగించడం విశ్వాసంలో ఒక భాగమైనప్పుడు, దానిని అక్కడ వదిలిరావడం మనకు తగదు.

ఇప్పుడా క్వార్టరులో వేరే కుటుంబం ఉంటోంది. మా మేనల్లుడు హైదరాబాదు నుంచి ఫోను చేసినప్పుడల్లా, ఈసారి బల్లార్షా అంటాడు. ఇన్షా అల్లాహ్, దానికీ ఒక రోజు వస్తుంది. మీ ఇంట్లోనూ అలాంటి ఆదివారం ఒకటి దొరికితే, ఏ ఊరు వెళ్దామని పటం ముందు పెట్టుకుని అడగకండి. అందరికంటే నెమ్మదిగా నడిచేవారినీ, అందరికంటే ఎక్కువ పనిచేసేవారినీ ముందుగా అడగండి.