అటక మీది కిట్ బ్యాగు

మా అటక మీద ఓ కిట్ బ్యాగు ఉంది. మీ ఇళ్లలోనూ ఏ వీణో, హార్మోనియమో, ఎవరో నేర్చుకుంటూ మధ్యలో వదిలేసింది ఒకటి ఉండే ఉంటుంది లెండి. మాది మావాడి క్రికెట్ సామాను. జిల్లా జట్టు దాకా వెళ్లాడు. భుజం నొప్పి పట్టుకుంది, అంతటితో సరి. "ఆరేళ్లు దండగ చేశాడు" అని చుట్టాల దగ్గర నేనే అనేదాన్ని, వాడు వింటుండగానే.

మొన్న ఆదివారం వాడితో కూర్చుని 'మిలియన్ డాలర్ ఆర్మ్' సినిమా చూశాను. 2014లో వచ్చింది. రెహమాన్ సంగీతమని కూర్చున్నాను గానీ, బేస్‌బాల్ గురించి నాకేం తెలుసు! మావాడే చెప్పాడు. మన బౌలర్ లాంటివాణ్ణి అక్కడ పిచ్చర్ అంటారట. పరుగెత్తుకు రానక్కర్లేదు, ఉన్నచోటు నుంచే మోచెయ్యి వంచి బలంగా విసరాలి.

కథ నిజంగా జరిగిందే. ఉత్తరప్రదేశ్‌లో భదోహి వైపు కుర్రాడు రింకూ సింగ్. లారీ డ్రైవరు కొడుకు, తొమ్మిదిమంది పిల్లల్లో ఒకడు. ఈటె విసిరేవాడు. 2008లో ఓ టీవీ పోటీలో ఎడమచేత్తో గంటకు 87 మైళ్ల వేగంతో బంతి విసిరి లక్ష డాలర్లు గెలిచాడు. ఆ ఏడాదే అతన్నీ, దినేశ్ పటేల్ అనే ఇంకో కుర్రాణ్ణీ పిట్స్‌బర్గ్ పైరేట్స్ వాళ్లు తీసుకున్నారు. సినిమా అక్కడికి శుభం కార్డు వేసేసింది.

అసలు కథ ఆ తర్వాతే ఉందండీ! కొత్తవాళ్లను పెద్ద జట్టులోకి రానివ్వరు. మైనర్ లీగ్ అని కింద మెట్లుంటాయి. ఒక్కో మెట్టూ ఎక్కాలి. రాత్రంతా బస్సు ప్రయాణాలు, అరకొర జీతాలు (2023లో యూనియన్ ఒప్పందం వచ్చాక కాస్త పెరిగాయి). చాలా ఏళ్లపాటు ఆ చిన్న ఊళ్లలో ఎంతోమంది ఇల్లాళ్లు ఈ పిల్లలకు తమ ఇంట్లోనే ఓ గది ఇచ్చి, అన్నం పెట్టి చూసుకున్నారు. నాకు ఈ సంగతే అన్నిటికన్నా నచ్చింది. ఎవరి కన్నబిడ్డో కదా!

దినేశ్‌ను 2010 చివర్లో వదిలేశారు. ఇంటికొచ్చేశాడు. రింకూ 2012లో వెస్ట్ వర్జీనియా జట్టు దాకా ఎక్కాడు, బాగా ఆడాడు. అంతలో మోచెయ్యి దెబ్బతింది. 'టామీ జాన్' ఆపరేషన్ అంటారు, 1974లో మొదట చేయించుకున్న పిచ్చరు పేరు. ఒంట్లో ఇంకోచోట నుంచి స్నాయువు తీసి మోచేతిలో కడతారు. కోలుకోవడానికి ఏడాది పైనే పడుతుంది. అతను మళ్లీ ప్రయత్నించాడు గానీ పైమెట్టు ఎక్కనే లేదు. 2018లో కుస్తీ పోటీలకు వెళ్లిపోయాడు.

"అయ్యో, అన్నేళ్లూ వృథాయేగా!" అన్నాను అలవాటుగా.

మావాడు టీవీ కట్టేస్తూ, "ఆడినన్నాళ్లూ ఆడాడు కదమ్మా" అన్నాడు. నా వంక చూడలేదు.

మర్నాడు బ్యాగు దింపి ఎండలో పెట్టాను. బంతికీ, బూట్లకీ బూజు పట్టింది. తోలు పాడవకుండా బూజు వదలడానికి ఏం రాయాలో మీలో ఎవరికైనా తెలిస్తే చెప్దురూ.