కనబడే చోట

మార్చి 9, 2025, ఆదివారం

పొద్దున ఆరింటికే తమ్ముడూ నేనూ నాగార్జునసాగర్ ప్రాజెక్టు (ఎన్‌ఎస్‌పీ) క్యాంపు గ్రౌండుకు వెళ్లాం. బండి నాన్నది. పాత స్ప్లెండర్, ఏపీ 24 నంబరు. మిర్యాలగూడలో ఎండాకాలం మొదలవుతుంటే ఈ వయసులో గేర్ల బండి ఎందుకు, స్కూటీ కొనుక్కోమన్నారు అందరూ. కానీ నేను పాఠాలు చెప్పే బడికి పోయే దారిలో చివరి ముక్క మట్టి రోడ్డు. ఆ గుంతల్లో చిన్న చక్రాల కంటే పెద్ద చక్రాలే నయం. పైగా బండి ఇంట్లో ఉంది, మంచి కండిషన్‌లో ఉంది.

తమ్ముడు ఇవాళంతా యాక్సిలరేటర్ ముట్టుకోనివ్వలేదు. "రేజ్ ఇయ్యకక్కా. ఉత్త క్లచ్ మీదనే కదిలియ్." ఫస్ట్ గేర్ వేసి క్లచ్ కొద్దికొద్దిగా వదులుతుంటే ఒక చోట ఇంజను శబ్దం కాస్త దిగుతుంది. చైను బిగుసుకుంటుంది. సీటు కింద బండి ముందుకు కదలబోతున్నట్టు తెలుస్తుంది. వేళ్లు అక్కడ ఆపాలి. ఆపితే మనిషి నడిచేంత వేగంతో బండి తనంతట తానే పోతుంది. ఎండ ఎక్కేదాకా అదే పని. ఆ ఒక్క చోటు వేళ్లకు తెలిస్తే ట్రాఫిక్‌లో సగం భయం పోతుందని తమ్ముడంటాడు. నాకూ అది నిజమే అనిపించింది.

చున్నీ రెండు కొసలూ నడుముకు కట్టి ముడేశాను. వెనక చక్రంలో చున్నీ చిక్కుకుంటే ఏమవుతుందో ఈ ఊళ్లో ఆడవాళ్లందరికీ తెలుసు.

మార్చి 18, మంగళవారం

లెర్నింగ్ లైసెన్సు (ఎల్‌ఎల్‌ఆర్) వచ్చింది. ఆరు నెలలు చెల్లుతుంది. నెల నిండాక లైసెన్సు పరీక్షకు పోవచ్చు. కంప్యూటర్ మీద గుర్తులు చూపించి అడిగారు: ఇరుకు వంతెన, గేటు లేని రైల్వే క్రాసింగ్, నో ఓవర్‌టేకింగ్. నేర్చుకోవాల్సినవే అన్నీ. వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రక్కు, రోడ్డు మీద ఎండబోసిన వడ్లు, రాంగ్ రూట్లో ఎదురొచ్చే బండి, వీటికి గుర్తులు లేవు. మా అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు మీద రోజూ ఎదురయ్యేవి మాత్రం ఇవే.

మార్చి 23, ఆదివారం

"ముందు బ్రేక్ పట్టకు, పల్టీ కొడ్తవ్." వాడకట్టులో ఎవరిని అడిగినా ముందు చెప్పే మాట ఇది. సగం నిజం. ఆ సగం నిజంతోనే ఎంతోమంది ఆగాల్సిన చోట ఆగలేకపోతున్నారు.

తమ్ముడు చూపించాడు. ఒకే వేగంతో వచ్చి, ఒకే చోట బ్రేకు వేశాడు. మొదట వెనక బ్రేకు ఒక్కటే. టైరు నేలను రాసుకుంటూ, తోక అటూ ఇటూ ఊగుతూ చాలా దూరం పోయి ఆగింది. తర్వాత రెండూ కలిపి వేశాడు, ముందుది ఒక్కసారి గుంజకుండా పిండుతున్నట్టు. చాలా ముందే ఆగింది. బ్రేకు పడగానే బరువు ముందు చక్రం మీదికి వస్తుంది, పట్టు దొరికేది అక్కడే. హ్యాండిల్ తిప్పి ఉన్నప్పుడో, ఇసుక మీదో గట్టిగా పట్టినప్పుడే పల్టీ. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లలో 125 సీసీ దాకా రెండు బ్రేకులూ కలిసి పడే ఏర్పాటు, అంతకు మించితే ఏబీఎస్ ఉండాలి. నాన్న బండికి ఈ రెండూ లేవు. ఆ పని నా వేళ్లూ పాదమూ చెయ్యాలి.

లెక్క కూడా రాసుకున్నాను. 40 వేగమంటే సెకనుకు 11 మీటర్లు. 60 అంటే దాదాపు 17. కుక్క అడ్డమొచ్చిందని కన్ను చూసి, చెయ్యి బ్రేకు అందుకునేలోపే అంత దూరం అయిపోతుంది.

ఏప్రిల్ 3, గురువారం

ముందూ వెనకా ఎల్ బోర్డు పెట్టుకుని, వెనక తమ్ముణ్ణి కూర్చోబెట్టుకుని ఊళ్లో రోడ్డెక్కాను. షేర్ ఆటోల మధ్య.

"ఆటో దిక్కు చూడకక్కా. పక్కన చెయ్యెత్తెటోళ్ల దిక్కు చూడు."

ఎంత చక్కటి మాట! ఆటో నడిపే మనిషి కళ్లు రోడ్డంచున ఉంటాయి. సంచి పట్టుకుని నిలబడ్డ ముసలమ్మ కనబడితే ఆటో ఆగుతుంది. ఆగకపోతే వెనక తరుముతున్న ఆటో ఆమెను ఎక్కించుకుంటుంది. కిస్తీ కట్టాల్సిన మనిషికి ఆ ఒక్క ప్యాసింజర్ కూడా లెక్కే. ఇది తెలిస్తే ఆటో ఎక్కడ ఆగబోతోందో మనకూ ముందే తెలుస్తుంది. ఇండికేటర్ కోసం ఎదురు చూడక్కర్లేదు. ఎడమ కాలు బయటికి చాపాడంటే ఎడమకు కొడుతున్నాడు. నడుము పక్కకు జరిగితే యూ టర్న్.

ఏప్రిల్ 13, ఆదివారం

చిన్నాన్న లారీ రైస్ మిల్లు దగ్గర లోడింగ్‌కు ఆగి ఉంది. బియ్యం వేసుకుని కాకినాడ పోర్టుకు పోవాలి. బండి నేర్చుకుంటున్నానని తెలిసి రమ్మన్నాడు.

"ఎక్కు బిడ్డా, నా సీట్ల కూసో."

రెండు మెట్లెక్కి కూర్చున్నాను. అంత ఎత్తు నుంచి రోడ్డు చాలా దూరం దాకా కనబడుతుంది. అక్కడే మోసం. తమ్ముడు స్ప్లెండర్ తోసుకుంటూ లారీ చుట్టూ తిరిగాడు. కుడి పక్కన ఉన్నంతసేపూ అద్దంలో ఒకసారి, కిటికీలో ఒకసారి కనబడ్డాడు. వెనక్కి పోయాడు, రెండు అద్దాల్లోనూ లేడు. ఎడమ పక్కకు వచ్చాడు. తోక దగ్గర ఉన్నప్పుడు అద్దంలో హెల్మెట్ కనబడింది. ఇంకా ముందుకొచ్చి, సరిగ్గా ఎడమ తలుపు కిందికి రాగానే మనిషీ లేడు, బండీ లేదు. హారన్ కొడుతున్నాడు, వినబడుతోంది, ఎక్కడున్నాడో తెలియడం లేదు. బంపరుకు ఆనుకుని ముందు నిలబడ్డా అంతే. సీట్లోంచి సగం లేచి ముందు అద్దానికి ముఖం ఆనిస్తే గానీ హెల్మెట్ పైభాగం కనబడలేదు. తమ్ముడు ఆరడుగుల మనిషి. బడి పిల్లవాడైతే?

"నా అద్దంల నీకు నా మొకం కనబడుతలేదంటే, నాకు నువ్వు లేనట్టే," అన్నాడు చిన్నాన్న. "ఎనకట క్లీనర్ ఆ కిటికిల కూసుండి తలకాయ బయటవెట్టి చూసెటోడు. ఇప్పుడు ఈ పనికి పిల్లగాండ్లు వస్తలేరు. ఆ దిక్కు నేను గుడ్డోన్నే."

మలుపు సంగతి నేల మీద సున్నంతో గీసి చెప్పాడు. పొడుగు బండి ఎడమకు తిరగాలంటే ముందు కొంచెం కుడికి పోతుంది. సందు దొరికిందని బైకులు ఎడమ పక్క దూరతాయి. వెనక చక్రాలు ముందు చక్రాల జాడలో రావు, మూలను కోసుకుంటూ లోపలికి వస్తాయి. దూరిన మనిషికి పక్కన ఫుట్‌పాత్, పైన డాలా. పోవడానికి దారి ఉండదు.

తనతో పనిచేసిన ఒక డ్రైవరు అలాంటి మలుపు దగ్గర ఒక కుర్రాడు కింద పడ్డాక స్టీరింగ్ వదిలేశాడట. ఇప్పుడు ఊళ్లో బర్రెలు కాస్తున్నాడట. ఎందుకని అడిగితే ఏమీ చెప్పడట.

"లారీవాడు చూసుకుంటనే తొక్కిండు" అనే మాట వినబడ్డ ప్రతి చోటా ఈ సీటు చూపించాలి. లైసెన్సు ఇచ్చే ముందు బైకు నడిపే ప్రతి మనిషినీ ఐదు నిమిషాలు ఇక్కడ కూర్చోబెడితే ఎన్ని ప్రాణాలు నిలబడతాయో. లారీ నేర్చుకునేవాళ్లను కూడా ఒక పూట బైకు మీద హైవే పక్కన పంపాలి. పెద్ద బండి దగ్గరగా దాటి పోతుంటే గాలి ముందు బయటికి నెట్టి, వెంటనే దాని వైపు గుంజుతుంది. హ్యాండిల్ గట్టిగా పట్టుకున్న మనిషి చేతులకు అది తెలుస్తుంది, క్యాబిన్‌లో కూర్చున్న మనిషికి తెలిసే వీలే లేదు.

ఏప్రిల్ 15, మంగళవారం

కాకినాడ చేరానని చిన్నాన్న ఫోన్. మళ్లీ అదే మాట: "ఎడమ దిక్కు దూరకు బిడ్డా."

ఏప్రిల్ 27, ఆదివారం

బడికి సెలవులిచ్చారు గానీ దారి అలవాటు కావాలని అటే నడుపుతున్నాను. యాసంగి వడ్లు రోడ్డెక్కాయి. ఊరు దాటగానే సగం రోడ్డు పసుపు రంగులో పరుచుకుని ఉంది. అంచున వరసగా రాళ్లు, పిడికిలంతవి కొన్ని, తలకాయంతవి కొన్ని. ఉన్న సగంలోనే ఎదురొచ్చే బస్సూ నేనూ. వడ్ల మీదికి పోతే చక్రం గింజల మీద జారుతుంది, రాయికి తగిలితే ముందు చక్రం పక్కకు తిరుగుతుంది. రాత్రి పూట ఇంకా ప్రమాదం. కుప్ప చేసి నల్ల పట్టా కప్పి పోతారు. తారు నలుపు, పట్టా నలుపు.

ఆగి, కాళ్లతో వడ్లు దున్నుతున్న అవ్వతో మాట్లాడాను. రాళ్లైనా తీసేయమన్నాను.

"రాళ్లు తీస్తె లారీలు మీదికెళ్లే పోతయి బిడ్డా. తేమ పదిహేడు కంటె ఎక్కువుంటె సెంటర్ల కొనరు. మాకు కల్లం ఏడున్నది? ఇంటి ముందట ఇంత జాగ లేదు."

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. క్వింటాకు ఈ యాసంగి మద్దతు ధర 2,300 రూపాయలు దక్కాలంటే తేమ 17 శాతం దాటకూడదు. అకాల వాన పడేలోపు ఎండబెట్టాలి. ఊరికి రెండు సిమెంటు కల్లాలుంటే ఈ అవ్వ రోడ్డెక్కదు. రోడ్డు మీద వడ్లు పోసినందుకు ఆమెను తిట్టి పోయేవాళ్లు ఆ కల్లాల గురించి కూడా అడగాలి. చివరికి పెద్ద రాళ్ల బదులు కొమ్మలు పెట్టడానికి ఒప్పుకుంది. నాలుగు తుమ్మ కొమ్మలు ఇద్దరం కలిసి తెచ్చి పెట్టాం. తుమ్మ ముళ్లు టైర్లకు మంచివి కావు గానీ వేప దొరకలేదు.

మే 6, మంగళవారం

రాత్రి నడిపాను. ఎదురుగా వచ్చే కార్లు డిప్ చేయవు. హైబీమ్ కళ్లల్లో పడ్డప్పుడు దాన్ని చూడకూడదు. రోడ్డు ఎడమ అంచున ఉండే తెల్ల గీతను చూడాలి, యాక్సిలరేటర్ తగ్గించాలి. ఆ రెండు మూడు సెకన్లు ముందేముందో తెలియదు. మిల్లులకు వడ్లు మోసే ట్రాక్టర్ ట్రక్కులకు వెనక లైట్లుండవు. ఎరుపు రేడియం స్టిక్కర్ ముక్క అంటించినా దూరం నుంచే మెరుస్తుంది. ఎంత ఖర్చని?

మే 11, ఆదివారం

కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో దేశంలో రోడ్ల మీద పోయిన ప్రాణాలు 1,68,491. అందులో టూ వీలర్ల మీద ఉన్నవాళ్లు 74,897.

ఇవాళ పెట్రోల్ బంకు దగ్గర చూశాను. భర్త తలకు హెల్మెట్, స్ట్రాప్ పెట్టుకోలేదు. భార్య తలకు కొంగు. మధ్యలో పాప, ఏమీ లేదు. స్ట్రాప్ పెట్టుకోని హెల్మెట్ మనిషి కంటే ముందే ఎగిరిపోతుంది. గదవ కింద రెండు వేళ్లు దూరేంత బిగువు ఉండాలి. నాకు, వెనక కూర్చునేవాళ్లకు రెండు కొన్నాను, ఐఎస్ఐ గుర్తు ఉన్నవి. ఎండకు లోపల చెమట కారిపోతుంది, నిజమే. లోపల పల్చటి నూలు గుడ్డ కట్టుకుంటే చాలావరకు తట్టుకోవచ్చు.

మే 20, మంగళవారం

లైసెన్సు పరీక్ష. ఎనిమిది అంకె ట్రాక్. కాలు కింద పెట్టకూడదు. చూపు ముందు చక్రం మీద ఉంటే బండి తూలుతుంది, పోవాల్సిన వంపు చివరికి చూస్తే దానంతట అదే తిరుగుతుంది. క్లచ్ సగం, వెనక బ్రేకు కొద్దిగా. పాసయ్యాను.

జూన్ 12, గురువారం

బడి తెరిచారు. ఒక్కదాన్నే వెళ్లాను. వాడపల్లి వైపు పోయే సిమెంటు ట్యాంకర్లకు దూరంగా, వాటి డ్రైవరు అద్దంలో కనబడేటట్టు.

ఊళ్లో బడి గేటు ముందు ఒకటో తరగతి పాప నన్ను చూసి "టీచర్!" అని రోడ్డుకు అడ్డంగా పరుగెత్తింది. నేను అప్పటికే సెకండ్ గేరులో ఉన్నాను, ఆగాను. ఆ పాపకు నేను లారీనే. బండి బరువు నూరు కిలోల పైమాటే, పైన నేను. చిన్న బండి మీదున్నామని మనకు అనిపిస్తుంది గానీ నడిచిపోయేవాళ్లకు అలా ఉండదు. ప్రార్థన అయ్యాక పిల్లలందరికీ ఆగి ఉన్న బస్సు ముందు నుంచి రోడ్డు దాటొద్దని చెప్పాను. చిన్నాన్న సీటు గురించి కూడా చెప్పాను. వాళ్లకు బాగా ఎక్కింది. "టీచర్, మేం కూడ లారీ ఎక్కి చూస్తం" అన్నారు. చిన్నాన్నను ఒకరోజు బడికి రమ్మనాలి.

జూన్ 21, శనివారం

తొలి వానకు రోడ్డు జారుడు. నెలల తరబడి పడ్డ ఆయిలూ దుమ్మూ కలిసి పైకి తేలుతాయి. బాగా కొట్టుకుపోయేంత వాన పడ్డాక నయం. మొదటి పావుగంట చెట్టు కింద ఆగడమే మేలు, ఉరుములు లేకపోతే.

ఆగస్టు 12, మంగళవారం

సాగర్ ఎడమ కాల్వ నీళ్లొచ్చాయి. దమ్ములు, నాట్లు జోరందుకున్నాయి. కేజ్ వీల్స్ ట్రాక్టర్లు పొలంలోంచి నేరుగా తారు రోడ్డెక్కుతున్నాయి. ఇనుప పట్టీల మధ్య ఇరుక్కున్న నల్లరేగడి గడ్డలు గడ్డలుగా రాలుతుంది. దాని మీద చినుకు పడితే గాజు. మలుపు దగ్గర ఇవాళ ఇద్దరు కుర్రాళ్లు పడ్డారు, మోకాళ్లు గీరుకుపోయాయి. బురద మీద బ్రేకు పట్టకూడదు, బండి వంచకూడదు. వేగం ముందే తగ్గించుకుని నిటారుగా దాటాలి. ముందే తగ్గించాలంటే అక్కడ బురద ఉందని తెలియాలి.

ట్రాక్టర్ అతను మా బడి పిల్లవాడి తండ్రి. ఆపి అడిగాను.

"ఇనుప చక్రాలు విప్పుడు, మళ్ల బిగిచ్చుడు అంటె పొద్దుపోతది మేడమ్. ఎకరాల లెక్కన పైసలిస్తరు, గంటల లెక్క గాదు. గట్టు కాడ పారతోటి బురద గీకి ఎక్కుత, గదైతె చేస్త."

గదే చాలు, ప్రస్తుతానికి. రేపు పంచాయతీ సెక్రటరీని కలవాలి. మలుపుకు రెండు వైపులా, వేగం తగ్గించుకునేంత దూరం ముందే, "బురద ఉంది, నెమ్మదిగా పోవాలి" అని రెండు బోర్డులు కావాలి. నాట్లు అయ్యేదాకా సాయంత్రం పూట సఫాయి మనిషి ఒకరు పార పట్టుకుని రావాలి. రేకులు బడి స్టోర్ రూములో ఉన్నాయి. రాత నేను రాసిస్తాను, రేడియం స్టిక్కర్ తమ్ముడు తెస్తానన్నాడు.