గ్రాంట్ వీధిలో రెండు న్యాయస్థానాలు

పిట్స్‌బర్గ్ పేరు చెప్పగానే మనవాళ్ళకు పెన్ హిల్స్‌లోని వెంకటేశ్వరస్వామి గుడి గుర్తుకొస్తుంది. నాకు మాత్రం కొంతకాలంగా ఆ ఊరనగానే గ్రాంట్ స్ట్రీట్ మనసులో మెదులుతోంది. ఆ ఒక్క వీధిలోనే రెండు న్యాయస్థానాలున్నాయి. ఒకటి 1888లో నిర్మాణం పూర్తయిన రాతి భవనం, కౌంటీ కోర్టు. రెండవది అదే వీధిలో మరికొంత దూరం నడిస్తే కనిపించే ఫెడరల్ కోర్టు. విరిగిన నా కాలి తాలూకు వ్యాజ్యం ఈ రెండింటిలో ఏ గుమ్మం ఎక్కాలన్న ప్రశ్న నన్ను మూడు వారాలపాటు నిద్రపోనివ్వలేదు. ఆ కథ మీతో చెప్పుకోవాలని చాలా రోజులుగా అనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చాను.

జరిగింది క్లుప్తంగా చెప్తాను. ఒక శీతకాలపు సాయంత్రం కిరాణా దుకాణం ముందు నడుస్తుండగా, వెనక్కి వస్తున్న సరుకుల వ్యాను నన్ను పడగొట్టింది. మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగింది. రెండు ఆపరేషన్లు, నాలుగు నెలల సెలవు. వ్యాను నడిపినవాడు ఇరవై ఏళ్ళు దాటీ దాటని కుర్రవాడు, మా పక్క ఊరివాడే. మర్నాడు తల్లిని వెంటబెట్టుకుని ఆసుపత్రికి వచ్చాడు. మంచం పక్కన నిలబడి, టోపీ చేతిలో నలుపుకుంటూ ఉండిపోయాడు. ఆ తల్లే రెండు మాటలు చెప్పి, క్షమించమని అడిగి, అతన్ని తీసుకువెళ్ళింది.

లాయరు గారు వేసిన మొదటి ప్రశ్న నా కాలి గురించి కాదు. "మీరు పౌరులా? గ్రీన్ కార్డా? వీసా మీద ఉన్నారా?" అని. మనసు చివుక్కుమంది. దెబ్బ తగిలినవాడికి కూడా ఈ విచారణ తప్పదా అనుకున్నాను. ఆ ప్రశ్నకూ, ఏ కోర్టన్న ప్రశ్నకూ ముడి ఉందని తర్వాత తెలిసింది.

మన దేశంలో జిల్లా కోర్టు, హైకోర్టు, సుప్రీంకోర్టు ఒకే నిచ్చెనకు మెట్లు. చట్టం కేంద్రానిదైనా రాష్ట్రానిదైనా ఆ మెట్లే ఎక్కాలి. అమెరికాలో నిచ్చెనలే రెండు. దెబ్బలు తగిలిన దావాలు సాధారణంగా రాష్ట్ర చట్టం కిందికి వస్తాయి కనుక రాష్ట్ర కోర్టులోనే నడుస్తాయి. అయితే వాది ప్రతివాదులు వేర్వేరు రాష్ట్రాల పౌరులై, లేదా ఒకరు విదేశీయులై, వివాదంలో ఉన్న మొత్తం 75,000 డాలర్లు మించితే ఫెడరల్ కోర్టు కూడా వినవచ్చు. స్థానికులు తమవాడి వైపు మొగ్గి పరాయివాడికి అన్యాయం చేస్తారేమోనన్న శంకతో 1789లో చేసిన ఏర్పాటు అది. అప్పుడు ఆ హద్దు 500 డాలర్లు. వాది రాష్ట్ర కోర్టునే ఎంచుకున్నా, కాగితాలు అందిన 30 రోజుల లోపు ప్రతివాది దావాను ఫెడరల్ కోర్టుకు మార్పించుకోవచ్చు.

అందువల్ల ఒరిగేదేమిటి? ఒకప్పుడు వర్తించే న్యాయమే మారిపోయేది. 1934లో ఇదే పెన్సిల్వేనియాలో, హ్యూస్‌టౌన్ అనే చోట, హ్యారీ టాంప్‌కిన్స్ అనే కార్మికుడు రాత్రివేళ రైలు పట్టాల పక్కన నడుస్తుండగా, పోతున్న రైలు నుంచి తలుపులాంటిదేదో పొడుచుకొచ్చి తగిలి చెయ్యి పోయింది. పట్టాల వెంబడి నడిచేవాణ్ణి ఈ రాష్ట్ర న్యాయం అతిక్రమించినవాడిగా చూసేది. అందుకని అతని తరఫువారు న్యూయార్క్‌లోని ఫెడరల్ కోర్టుకు వెళ్ళారు. జ్యూరీ 30,000 డాలర్లు ఇమ్మంది. 1938లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. ఇలాంటి దావాల్లో ఫెడరల్ కోర్టు కూడా రాష్ట్ర న్యాయాన్నే పాటించాలని జస్టిస్ బ్రాండైస్ రాశారు. టాంప్‌కిన్స్‌కు ఆ డబ్బు దక్కలేదు.

నాటి నుంచి న్యాయం ఒకటే అయినా జ్యూరీ మాత్రం వేరు. కౌంటీ కోర్టులో పన్నెండుమందిలో పదిమంది ఒక మాట మీదకు వస్తే చాలు. ఫెడరల్ కోర్టులో, ఉభయపక్షాలూ వేరేగా ఒప్పుకుంటే తప్ప, అందరూ ఏకగ్రీవం కావాలి. ఒక్కరు తల అడ్డంగా ఊపినా తీర్పు నిలిచిపోతుంది. అందుకే లాయరు గారికి కౌంటీ కోర్టంటే మక్కువ.

నన్ను గుద్దిన వ్యాను తాలూకు కంపెనీ డెలావేర్‌లో నమోదైంది. ప్రధాన కార్యాలయం ఒహాయోలో ఉంది. దానిపై ఒక్కదానిపైనే దావా వేస్తే అది ఫెడరల్ కోర్టుకు లాక్కుపోవడం ఖాయం. "ఆ కుర్రవాణ్ణి కూడా ప్రతివాదిగా చేర్చండి, వాళ్ళ దారి మూసుకుపోతుంది," అన్నారు లాయరు గారు. గ్రీన్ కార్డు మీద ఉన్న విదేశీయుడు తాను స్థిరపడిన రాష్ట్రపు పౌరుడిపై వేసే ఇలాంటి దావాకు ఫెడరల్ కోర్టులో చోటు లేదు. 2011 నాటి సవరణ ఈ సంగతిని స్పష్టంగా చెప్పింది. "అతను పైసా కట్టనక్కరలేదు, ఇన్సూరెన్సు చూసుకుంటుంది. అది వట్టి కాగితమే," అని కూడా అన్నారు.

ఆ వట్టి కాగితం ఒక ఇంటి తలుపు తడుతుంది. తలుపు తీసేది బహుశా ఆ తల్లే.

"రాత్రుళ్ళు మీరు మూలుగుతుంటే పక్కన మేలుకుని కూర్చున్నది నేనండీ. జాలి చూపించాలంటే ముందు నా మీద చూపించండి," అంది మా ఆవిడ. ఆమె మాటకు నా దగ్గర జవాబు లేదు. తెనాలి నుంచి నాన్నగారు ఫోనులో, కోర్టుకెక్కాక ఓడినవాడు అక్కడే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడుస్తాడన్న పాత సామెత వినిపించారు.

నన్ను కలచివేసినది ఒకటుంది. ఈ దేశంలో ఇన్నేళ్ళుగా ఉంటున్నా కాగితాల మీద నేను పరాయివాణ్ణే. అటువంటి నన్నూ ఆ కుర్రవాణ్ణీ ఒకచోటివాళ్ళుగా ఎంచిన చట్టం ఇదొక్కటే కనిపించింది. మా మధ్య ఫెడరల్ పెద్దమనిషి అవసరం లేదు, మీ సంగతి మీ ఊళ్ళోనే తేల్చుకోండి అంటోంది. కానీ ఆ ఇరుగుపొరుగుతనం అక్కరకు రావాలంటే ముందు నేను అతనిపై దావా వేయాలి!

నేను అతని పేరు చేర్చలేదు. కంపెనీ 30 రోజుల గడువు తీరకముందే దావాను ఫెడరల్ కోర్టుకు మార్పించుకుంది. జ్యూరీ కూర్చోకముందే రాజీ కుదిరింది. కౌంటీలో అయితే ఇంకొంత వచ్చి ఉండేదని లాయరు గారు ఇప్పటికీ అంటారు. నిజమే కావచ్చు.

చలి పెరిగిన రోజుల్లో కాలు సలుపుతుంది. అప్పుడు మా ఆవిడ ఏమీ అనకుండా వేడినీళ్ళ సంచి తెచ్చి ఇస్తుంది. నా మంచితనానికి ధర ఆమె చెల్లించిందేమోనన్న సందేహం ఆ క్షణంలో కాలికంటే ఎక్కువ సలుపుతుంది. మీరైతే ఏం చేసి ఉండేవారు?