మూడవ కిలోవాటు

మా తండ్రిగారు మందమర్రి బొగ్గుబాయిలో తట్టయు చెమ్మసును పట్టి పనిచేసినవారు. వారి వెనుక నేనును సింగరేణి కొలువున చేరి, 2023లో విరమణ పొందువరకు, భూగర్భమునుండి వెలువడు ఆ నల్లని శిలనే అన్నదాతగా తలంచి జీవించితిని. అట్టి ఇంటి కప్పుపై సౌరఫలకములను నిలుపుట కృతఘ్నత యగునేమోయని కొన్నాళ్లు నా మనస్సు వెనుకాడిన మాట వాస్తవము. ఆ సంకోచమును తొలగించినది ఉపన్యాసము గాదు, కరెంటు బిల్లు.

కంపెనీ క్వార్టరులో నివసించినంతకాలము విద్యుద్వ్యయము మా ఇంటిలెక్కలో చోటుచేసికొనలేదు. మంచిర్యాలలో స్వంత ఇల్లు కట్టుకొని చేరిన తొలి వేసవిలో, శీతలయంత్రమును మోటారును కలిసి 440 యూనిట్లు వాడగా, శక్తిఛార్జీయే 3,070 రూపాయలైనది. ఇతర ఋతువులలో వాడుక సుమారు 300 యూనిట్లు, వ్యయము 1,790 రూపాయలు. స్థిరమైన నెలసరి ఆదాయము తగ్గిన వానికి ఇది ఉపేక్షింపదగిన మొత్తము గాదు.

అప్పటికి కొన్ని నెలల క్రితమే, 2024 ఫిబ్రవరిలో, ప్రధానమంత్రి సూర్యఘర్ పథకమును కేంద్రప్రభుత్వము ఆరంభించియుండెను. మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటొక్కింటికి 30,000 రూపాయలు, మూడవదానికి 18,000, వెరసి 78,000కు మించని రాయితీ ఇచ్చుట దాని విధానము. ఫలకములను బిగించు సంస్థ తరఫున వచ్చిన యువకుడు, “సార్, డెబ్బై ఎనిమిది వేలు వస్తుంటే అరవై వేలకాడ ఎందుకు ఆగుతరు?” అని ఆప్యాయముగనే అడిగెను. నేనును ఒప్పుకొనబోతిని, కాని మా ఇంటామె, “సబ్సిడీ సంగతి తర్వాత, ముందుగాల బిల్లు తీసి చూడుర్రి” అని వారించినది.

ఆ రాత్రి బిల్లును ముందుంచుకొని కూర్చుండగా, యూనిట్లన్నిటికిని ఒకే వెల లేదను సత్యము తొలిసారిగా నాకు తేటపడినది. నెలకు 200 యూనిట్లు దాటినచో మొదటి 200 యూనిట్లకు యూనిటొక్కింటికి 5.10 రూపాయల చొప్పున, ఆపై నూటికి 7.70, తరువాతి నూటికి 9 రూపాయల చొప్పున కట్టవలయును. 200 లోపున ముగిసినచో మొదటి నూరు 3.40కును రెండవ నూరు 4.80కును వచ్చును; 100 లోపునకు దిగినచో తొలి 50 యూనిట్లలో ఒక్కొక్కదాని వెల 1.95 మాత్రమే. అనగా కప్పుమీద పుట్టు యూనిటు బిల్లులోని అత్యంత ప్రియమైన యూనిటును ముందుగా తొలగించుటయే గాక, మిగిలిన యూనిట్ల వెలను గూడ క్రిందికి దించును.

కిలోవాటు దినమునకు సుమారు నాలుగు యూనిట్లనిచ్చుననుకొన్నచో, రెండు కిలోవాట్లు నెలకు 240 యూనిట్లనిచ్చును. సాధారణ మాసములో 300లో 240 పోయి 60 మిగులును. 1,790 రూపాయల స్థానమున 129 రూపాయలు చాలును. మూడవ కిలోవాటు చేయగలిగినదెల్ల ఆ 129ని తుడిచివేయుట, వేసవి మూడు నెలలలో, 240 పోగా మిగులు 200 యూనిట్లకగు 820 రూపాయలను 190కి దింపుట, మిగులు యూనిట్లను స్వల్పమైన వెలకు తీగలోనికి వదలుట. దానికొరకు రాయితీ పోగా మరి 37,000 రూపాయలు వెచ్చింపవలెను. అది తిరిగి వచ్చుటకు పదేండ్లకు పైగా పట్టును. “బొగ్గు టబ్బు నిండకముందే పైకి పంపితే పోయేది మన కూలే, బిడ్డా” అని మా బాపు చెప్పుచుండిన మాట అప్పుడు జ్ఞప్తికి వచ్చినది. ఆ మూడవ కిలోవాటు నా పాలిట నిండని టబ్బు. రెండింటితోనే ఆగితిని.

మొత్తము వ్యయము 1,40,000 రూపాయలు. హామీ లేకుండ ఏడు శాతము ప్రాంతపు వడ్డీకి బ్యాంకు ఋణము లభించునదైనను, గ్రాట్యుటీ సొమ్ములోనుండియే చెల్లించితిని. ఇక్కడ ఒక పొరపాటు జరిగినది: రాయితీని ధరలోనుండి ముందే మినహాయింతురని భ్రమించి, 80,000 మాత్రమే సిద్ధము చేసికొని, తక్కిన మొత్తమునకై ఒక డిపాజిట్టును గడువునకు ముందే విరిచి కొంత వడ్డీని పోగొట్టుకొంటిని. దేశీయముగా తయారైన ఫలకములు అమరి, ఇచ్చిపుచ్చుకొను యూనిట్లను లెక్కించు నెట్ మీటరు బిగింపబడి, తనిఖీ ముగిసిన పిమ్మటనే రాయితీ మన ఖాతాకు చేరును; కావున పూర్తి పైకము చేతనున్నవారే, లేదా ఋణము మంజూరైనవారే, పనికి పూనుకొనవలయును.

తొలి సంవత్సరమున ఆదా అయినది 18,600 రూపాయలు. ఓపెన్‌కాస్టు గనుల వైపునుండి వచ్చు ధూళి ఫలకములపై పొరగా పేరుకొని ఉత్పత్తిని తగ్గించుట గమనించి, వారమునకొకమారు వేకువనే నీటితో కడుగుట అలవాటు చేసికొంటిని. ఆదా యంతయు లాభమని భ్రమపడరాదు: ఇరువదియైదేండ్ల ఆయుర్దాయముగల ఫలకముల అరుగుదలకు ఏటా 3,200, నడుమ మార్చవలసి వచ్చు ఇన్వర్టరుకు 3,000 తీసివేసినను 12,400 మిగులును. అదే 80,000ను 7.5 శాతపు డిపాజిట్టులో నుంచినచో వచ్చునది 6,000. అసలు నిలుచుననుట నిజమే గాని, ఆ వడ్డీ పన్నుకు లోబడిన ఆదాయము, తప్పించుకొన్న వ్యయముపై పన్ను లేదు.

అయినను ఇది అందరికిని హితమని చెప్పజాలను. తెల్ల రేషన్‌కార్డు గల మా పొరుగు యువకుడు, “నేను గూడ అప్పు తెచ్చి పెట్టియ్యాల్నా, అన్నా?” అని అడిగినప్పుడు, 2024 మార్చి బిల్లునుండి రాష్ట్రప్రభుత్వపు గృహజ్యోతి పథకము క్రింద 200 యూనిట్లవరకు అతనికి ఉచితమైయుండుటను జూపి, వద్దంటిని. లేని బిల్లును తగ్గించుటకు అప్పుచేయుట ఏ లెక్కకును నిలువదు.

సూర్యుడస్తమించిన పిదప మా ఇంటి దీపము నేటికిని జైపూరు విద్యుత్కేంద్రములోనో రామగుండములోనో మండు బొగ్గుతోనే వెలుగును. కరెంటు పోయినచో బ్యాటరీలేని మా ఫలకములును పగటివేళనే నిలిచిపోవును. కావున బొగ్గును విడిచితినని నేననను. యూనిటుకు సుమారు ముప్పాతిక కిలో చొప్పున, ఏటా మా కప్పు మిగుల్చునది రమారమి రెండు టన్నుల బొగ్గు. ఆ రెండు టన్నులను చీకటిలో తట్టలకెత్తుటకు ఒక మనిషి నడుము ఎంత వంగవలసియుండెనో మా ఇంట తెలియనివారు లేరు. బాపు కూలి లెక్క వ్రాసికొనిన పాత పుస్తకములో మిగిలిన పుటలపై ఇప్పుడు నేను నెలనెలా మీటరు అంకెలను వ్రాయుచున్నాను.