మద్దెల ఓడు

మా పెరట్లో మునగకాయలు కోసే దోటి ఒకటి ఉంది. వెదురుగడకు పైన నున్నటి కర్ర ఒకటి అతుకు వేసి, దాని కొసకు కొక్కెం కట్టి, మా ఆవిడ కాయలు లాగుతూ ఉంటుంది. చూసినవాళ్ళు మామూలు దోటే అనుకుంటారు. దాని పూర్వాశ్రమం నాకు తెలుసు. అది బిలియర్డ్స్ ఆడే క్యూ.

క్యూ అనగానే మా ఆవిడకు జ్ఞాపకం వచ్చేది కిరసనాయిలు. పెళ్ళయిన కొత్తలో ఒకరోజు, "మంచి క్యూ దొరకాలంటే ఇన్‌స్టిట్యూట్‌కి పెందలాడే వెళ్ళాలి" అన్నాను. "అయితే డబ్బా కూడా పట్టుకెళ్ళండి" అన్నది.

నేను రైల్వేలో గుమాస్తాగా చేరింది 1975లో. మా ఇన్‌స్టిట్యూట్‌లో తెల్లదొరల నాటి బిలియర్డ్స్ బల్ల ఒకటి ఉండేది. పన్నెండడుగుల పొడవు, కింద పలకరాయి, పైన ఆకుపచ్చ బనాతు. గోడకు ఆరు కర్రలు. ఆరింటిలో తిన్నగా ఉన్నవి రెండు. అందుకే నా హడావిడి. తిన్నదనం చూడటానికి కర్రను బల్లమీద దొర్లించేవాళ్ళం. వంకరది ఎగిరెగిరి పడేది. మిగిలిన నాలుగూ వానాకాలంలో ఒక వంపు, ఎండాకాలంలో మరొక వంపు తిరిగేవి. చివర ఉండే తోలు బిళ్ళ, దాన్నే టిప్పు అంటారు, గొడుగు విప్పిన పుట్టగొడుగులా అంచులు బయటికి జారి ఉండేది.

1958లో కలకత్తాలో విల్సన్ జోన్స్ ప్రపంచ అమెచ్యూర్ బిలియర్డ్స్ పోటీ గెలిచినప్పుడు నేను అయిదేళ్ళవాణ్ణి. మా ఇన్‌స్టిట్యూట్ పెద్దలు మాత్రం ఆ రోజున తామే ఆయన పక్కన నిలబడి సుద్ద అందించినట్టు చెప్పేవారు. "ఆయన కర్ర నా చేతికిస్తేనా!" అని ప్రతివాడూ ఒక నిట్టూర్పు విడిచేవాడు. నేనూ విడిచాను. గురి తప్పినప్పుడల్లా కర్ర వంక చూడటం అక్కడే అలవాటయింది. ఇంటికొచ్చి ఓడిపోయిన సంగతి చెబుతూ కర్ర బాగాలేదంటే, మా ఆవిడ తల ఎత్తకుండా బియ్యంలో రాళ్ళు ఏరుతూ, "ఆడలేక మద్దెల ఓడన్నట్టు" అనేది.

తరువాత బల్ల పాడైపోయింది. పాత సామాను అమ్మేసేటప్పుడు, తిన్నగా ఉన్న రెండు కర్రల్లో ఒకటి ఇరవై రూపాయలిచ్చి ఇంటికి తెచ్చుకున్నాను. బల్ల లేని కర్ర! మూల నిలబెడితే రెండేళ్ళలో అదీ వంగింది. ఆ తరువాత సంగతి మునగచెట్టుకు తెలుసు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, కిందటేడు మేము న్యూజెర్సీలో మావాడి దగ్గరికి వెళ్ళాం. ఇంటి కింది గదిలో ఒక పూల్ బల్ల కొని పెట్టుకున్నాడు. నన్ను కిందికి తీసుకెళ్ళి లైటు వేసి, ఏమీ మాట్లాడకుండా నా మొహం చూస్తూ నిలబడ్డాడు. వాడు నాలుగో క్లాసులో తెచ్చిన ప్రోగ్రెస్ కార్డు చూపించినప్పుడు కూడా అలాగే నిలబడేవాడు.

పూల్ అంటే మన బిలియర్డ్స్‌కు అమెరికా దాయాది. బల్ల చిన్నది, బంతులు కాస్త పెద్దవి, సంచుల నోళ్ళు ఉదారమైనవి. కర్రలోనూ తేడా ఉంది. మా కర్రలు యాష్ చెట్టువి. ఈనెలు స్పష్టంగా కనిపిస్తాయి. చివర ఇత్తడి పొన్ను, టిప్పు పది మిల్లీమీటర్ల లోపు. వాళ్ళవి మేపిల్, తెల్లగా, పచ్చి పాలమీగడలా ఉంటుంది, టిప్పు పన్నెండు, పదమూడు మిల్లీమీటర్లు. పొడవు 58 అంగుళాలు, బరువు సుమారు 19 ఔన్సులు, అనగా అర్ధసేరుకు కాస్త ఎక్కువ. మధ్యలో మర ఉంటుంది. విప్పితే రెండు ముక్కలు.

బల్లతోపాటు ఉచితంగా వచ్చిన కర్రలు రెండున్నాయి. ఒకటి తీసుకుని వంగి కొట్టాను. తప్పింది. మళ్ళీ కొట్టాను. అంగుళం పక్కగా పోయింది. మూడోసారి తప్పగానే అలవాటు చొప్పున కర్ర వంక చూశాను.

"కర్ర బాగాలేదురా" అన్నాను.

వాడు దాన్ని మనసులో పెట్టుకున్నాడు. శనివారం పొద్దున్నే, "పద నాన్నా, నీకొక మంచి క్యూ కొందాం" అని కారెక్కించాడు. "ఎంతవుతుందేమిటి?" అన్నాను. "నువ్వు ధర అడగకూడదు, అదే షరతు" అన్నాడు.

దుకాణంలో ఒక పెద్దాయన ఉన్నాడు. నా వయసే ఉంటుంది. ఆడి చూసుకోవటానికి వెనకాల ఒక బల్ల వేసి ఉంచాడు. మావాడు అడిగితే మూడు కర్రలు వరసగా పెట్టాడు: ఒకటి తొంభై డాలర్లది, ఒకటి రెండువందల యాభై, మూడోది ఏడువందలు. ఏడువందల డాలర్ల కర్ర! మా పెళ్ళికి అయిన ఖర్చు దానిలో ఎన్నో వంతో లెక్క వేయటం మొదలుపెట్టి, మధ్యలో మానేశాను.

కంటికి కనిపించే తేడా పిడి దగ్గర. చవక కర్ర పిడిమీద నల్లని కోణాలు ముచ్చటగా ఉన్నాయి గాని, గోటితో రాస్తే తెలిసిపోతుంది, అవి అంటించిన బొమ్మలు. రెండోదానిమీద నిజంగానే రంగు రంగుల కర్రలు చీల్చి పొదిగారు. నల్లగా నిగనిగలాడేది ఎబొనీ. ఆ ఎబొనీ మన బీడీ ఆకుల తునికిచెట్టుకు చుట్టమేనని నేను చెబితే ఆ పెద్దాయన సంతోషించాడు. బీడీ అంటే ఏమిటో చెప్పటానికి మాత్రం చాలాసేపు పట్టింది. చేత్తో పట్టుకునే చోట నారదారం బిగించి చుట్టారు. చెమట పట్టినా జారదు. మూడోదానికి అలంకారమేమీ లేదు. ముందు భాగం కర్రే కాదు, కార్బన్ నార. బొగ్గులా నల్లగా, లోపల గుల్లగా ఉంది. వానకు ఉబ్బదు, ఎండకు వంగదు, గుడ్డతో తుడిస్తే చాలు. మా ఇన్‌స్టిట్యూట్ గోడకు ఇలాంటివి ఆరుంటే అక్కడ సగం పోట్లాటలు ఉండేవి కావు.

పొదిగిన పనికి ఇంత డబ్బెందుకంటే ఆ పెద్దాయన జార్జి బలబుష్కా పేరెత్తాడు. రష్యాలో పుట్టి అమెరికా వచ్చిన వడ్రంగి. 1959 నుంచి 1975లో పోయేదాకా బ్రూక్లిన్‌లో కర్రలు చేశాడు. ఆయన చేతి కర్రలకు ఇప్పుడు పురాతన వీణలకున్నంత గిరాకీ. 1986లో వచ్చిన 'ది కలర్ ఆఫ్ మనీ' సినిమాలో కథానాయకుడి చేతికిచ్చింది బలబుష్కా కర్ర అనే చెబుతారు. నిజానికి అది జాస్ కంపెనీవాళ్ళది. అంత విలువైన దాన్ని షూటింగులో విరగ్గొట్టుకుంటామని భయపడి, దాన్ని పోలిన దాన్ని వాడారు. చూసినవాళ్ళు తేడా కనిపెట్టారా? బంతులు కనిపెట్టాయా? నాకు ఆ కథ మహా నచ్చింది.

సరే, వంగి కొట్టటం మొదలుపెట్టాను. తెల్లబంతిని నడిమధ్య కొడితే మూడు కర్రలకూ తేడా లేదు. నిజం చెబుతున్నాను. బంతికీ టిప్పుకూ స్పర్శ సెకనులో వెయ్యో వంతు. ఆ కాస్తలో బంతి ధర అడగదు. తేడా చెవికి తెలుస్తుంది, అరచేతికి తెలుస్తుంది. చవకదాని మర దగ్గర సన్నని గరగర ఉంది. మధ్యరకం కొడితే, మంచి టేకు తలుపు గొళ్ళెం పడినట్టు ఒక్కటే గట్టి చప్పుడు. కార్బన్‌ది చప్పుడే తక్కువ. చేతికి ఏ కబురూ చెప్పదు.

బంతిని కింద కొట్టి వెనక్కి రప్పించబోతే చవక కర్ర జారింది. "చూశావా!" అన్నాడు మావాడు. ఆ పెద్దాయన నవ్వి, దాన్ని తీసుకుని టిప్పును ఆకురాయితో నాలుగుసార్లు గీరి, సుద్ద రాసి ఇచ్చాడు. ఈసారి బంతి పిలిచినట్టు వెనక్కి వచ్చింది. తప్పు తొంభై డాలర్లది కాదు, గాజులా నున్నబడిన రెండు డాలర్ల తోలుముక్కది. నలభై ఏళ్ళు ఆడినవాణ్ణి, నాకే తోచలేదు.

అసలు తేడా సైడు పెట్టినప్పుడు బయటపడింది. బంతిని కుడిపక్కకు కొడితే, కర్ర కొస దాన్ని కాస్త ఎడమకు నెడుతుంది. కొస ఎంత బరువైతే నెట్టుడు అంత ఎక్కువ. ఖరీదైన కార్బన్ కర్రలు కొస తేలిక చేసి ఆ నెట్టుడు తగ్గించారు. డబ్బంతా అక్కడుంది. మరి ఏడువందల డాలర్ల దానితో నేను ఎలా కొట్టాను? చవకదానికన్నా అన్యాయంగా కొట్టాను! ఎందుకంటే, మా మొద్దుకర్రలు ఎడమకు నెడతాయని, ఆలోచించకుండానే కాస్త కుడికి గురి చూడటం నా ఒంటికి అలవాటయిపోయింది. ఈ కర్ర నెట్టదు. నేను సర్దిన సర్దుబాటు అలాగే మిగిలి, బంతి కుడికి పోయింది. అత్తగారి సాధింపులకు అలవాటుపడ్డ కోడలికి మంచి మాట చెబితే అనుమానం వచ్చినట్టు. కొత్తగా నేర్చుకునే కుర్రవాడికైతే ఆ కర్ర వరమే. నాకు నా వంకరలన్నీ మరచిపోవాలంటే ఇంకొక నలభై ఏళ్ళు కావాలి.

ఇంతవరకూ సరదాగానే ఉంది. తరువాత ఆ పెద్దాయన దూరపు మూలకు ఒక బంతి పెట్టాడు. తిన్నని దెబ్బ. సైడు లేదు, కిటుకు లేదు. ఇన్‌స్టిట్యూట్‌లో అలాంటివి పదికి ఎనిమిది వేసేవాణ్ణి. తొంభైదానితో కొట్టాను, తప్పింది. రెండువందల యాభైతో తప్పింది. ఏడువందలతోనూ తప్పింది. మళ్ళీ మూడింటితో వరసగా కొట్టాను. ఎవరూ మాట్లాడటం లేదు. ఏడోసారి వంగినప్పుడు కర్ర కొస వంక చూశాను. తెల్లబంతి ముందు ఆ నల్లని కొస సన్నగా, దీపం వత్తిలా, అదురుతోంది. ఎంత పట్టినా ఆగలేదు.

లేచి నిలబడి కర్రను బల్లమీద పెట్టాను. దొర్లించి చూడాలనిపించింది. చేతులు కట్టుకున్నాను.

"ఇంకొకటి చూద్దామా నాన్నా? వెయ్యి డాలర్లలో ఏవో ఉన్నాయిట" అన్నాడు మావాడు.

"ఆ తొంభైది చాలురా. మంచి టిప్పు ఒకటి వేయించు" అన్నాను.

వాడి మొహం చిన్నబోయింది. "నేను కొనలేననా?" అన్నాడు.

పెద్దాయన ముందు ఏమీ అనలేదు. ఆయన పాత టిప్పు కోసి, పొరలు పొరలుగా అతికిన తోలు టిప్పు ఒకటి వేసి, ఆకురాయి పట్టి, నాణెం అంచులా గుండ్రం చేసేదాకా ఇద్దరం అటే చూస్తూ కూర్చున్నాం. కారులోకి వచ్చాక చెప్పాను. "కర్రలు మంచివేరా. చెయ్యి వణుకుతోంది."

వాడు తాళం చెవి తిప్పలేదు. "తెలుసు నాన్నా. వచ్చిన రోజునే కాఫీ కప్పు పట్టుకుంటుంటే చూశాను."

"మరి తెలిసీ ఎందుకు తీసుకొచ్చావు?"

"మంచి కర్రయితే తెలియదేమో అనుకున్నాను" అన్నాడు.

నలభై ఏళ్ళు నిండిన కొడుకు. ఇద్దరు పిల్లల తండ్రి. ఏమనను? నా పక్కనున్న సంచీ జిప్పు కాసేపు తీసి, కాసేపు వేసి కూర్చున్నాను. చివరికి, "మీ అమ్మకు చెప్పావా?" అన్నాను. "అమ్మే నాకు చెప్పింది" అన్నాడు. అప్పుడు అర్థమయింది, ఆ నెలరోజులుగా నాకు కాఫీ సగం గ్లాసే ఎందుకిస్తున్నదో.

తిరిగివచ్చాక డాక్టరుకు చూపించాను. వయసుతో వచ్చే వణుకే, భయపడాల్సింది కాదన్నాడు. మందిచ్చాడు. కొంత నయం. క్యూను విమానంలో చేతిసంచీతో రానివ్వరు గనుక పెట్టెలో, మా ఆవిడ చీరెల మధ్య పడుకుని వచ్చింది. వంగకుండా మంచం కింద పరుపుచుట్టమీద అడ్డంగా పడుకోబెట్టాను. గురువారం సాయంత్రం ఊళ్ళో పూల్ ఆడే చోటుకు తీసుకెళుతున్నాను. కాలేజీ కుర్రవాళ్ళు నాకు కుర్చీ ఇచ్చి, దగ్గరి బంతులు వదిలిపెడతారు. దూరపువి వాళ్ళను కొట్టమంటాను. కొత్త టిప్పు మటుకు అమోఘంగా ఉంది, బంతి వెనక్కి రావటం చూసి ఒకడు, "తాతగారూ, ఈ క్యూ ఎంతండీ?" అని అడిగాడు. నేను గంభీరంగా మాట దాటవేశాను.

మొన్న మునగచెట్టు చిటారుకొమ్మన నాలుగు కాయలు మిగిలాయి. దోటి అందలేదు. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "ఏమండీ, మంచం కిందది విప్పితే రెండు ముక్కలవుతుందట కదా! ఒక ముక్క ఇస్తే దీనికి అతుకు వేసుకుంటాను" అన్నది.

"ఇస్తాను గాని, సైడు పెట్టి కొట్టకు. కాయ ఎడమకు పోతుంది" అన్నాను.

"కాయకు గురి చూసేది నేను. మీరు చెట్టు కింద నిలబడి పట్టుకోండి చాలు" అన్నది. వెళ్ళి పట్టుకున్నాను. నాలుగింటిలో మూడు చేతికొచ్చాయి.